కుప్పలోని నల్లపూస

మద్రాసు,
20 అక్టోబరు 1946

చిరంజీవి దామోదరానికి,

నువ్వు అడిగిన వస్తువు తయారైంది. మా ప్రయోగశాల అటెండరు మునస్వామిది మీ పక్కనున్న పుత్తూరే. దీపావళికి వస్తూ తెచ్చి ఇస్తాడు. రైల్లో ఒళ్లో పెట్టుకుని కూర్చోమని చెప్పాను, ఎవరి కాలి కిందా పడకుండా.

రెండేళ్లు వానలు లేక ఇళ్లలో కుండల్లో దాచుకున్న విత్తనం కూడా జనం వేయించుకు తిన్నారనీ, అందుకే ఈసారి మూడూళ్ల విత్తనపు వేరుశనగ కాయను రైతు సంఘం కొట్టంలో ఒకే కుప్ప పోయించి తాళం వేస్తాననీ రాశావు. మంచి ఆలోచనే. కానీ దామూ, కుండలో విత్తనం చెడితే ఒక ఇల్లే నష్టపోతుంది. పెద్ద కుప్పలో తడి చిక్కుకుంటే లోపల దానంతట అదే వేడెక్కుతుంది. ఆ వేడికి గింజ పైకి బాగానే కనిపిస్తూ లోపల మొలక చచ్చిపోతుంది. ఆ భయంతోనే నువ్వు అడిగావు, ఆ భయంతోనే నేను చేశాను.

వెదురు గడ కొసన పట్టు చుట్టిన సన్నని రాగితీగ చుట్ట ఉంది. గడను కుప్ప నడిమికి గుచ్చు. తీగ వేడెక్కిన కొద్దీ కరెంటును ఎక్కువ అడ్డుకుంటుంది. ఎంత అడ్డుకుంటోందో కొలవడానికి మా కాలేజీలో పక్కన పడేసిన పోస్టాఫీసు పెట్టె పంపుతున్నాను. ఇత్తడి బిరడాలు ఒక్కొక్కటే తీస్తూ పో. సూది సున్నా మీద నిలిచినప్పుడు, తీసిన బిరడాల పక్కనున్న అంకెలు కూడు. నూటపదమూడు దగ్గర ఉంటే భయం లేదు. నూటపంతొమ్మిది అయితే ఆ రోజే కుప్ప తిరగదోడి ఆరబెట్టాలి.

అమ్మ పోయాక ఇది మొదటి పండుగ. ఏం వండుకున్నా మరదలు సుబ్బులమ్మను కాస్త తినమను.

అక్క,
చంద్రకాంతం

*

వడమాలపేట,
10 నవంబరు 1946

అక్కకు దామోదరం దండాలు పెట్టి రాసేది.

వస్తువు క్షేమంగా చేరింది. పోస్టాఫీసు పెట్టె అని రాసినావు కదా, ఉత్తరాలు ఏ సందులో వేస్తారో అని సుబ్బులు దాన్ని తిరగేసి బోర్లేసి వెతికింది. పూర్వం తంతి తీగలు పరీక్ష చేసేవాళ్లదని చెప్తే నమ్మలేదు.

కోత నాటికి రెండు రోజులు వాన పట్టుకుంది. కాయ తడి తడిగా వస్తోంది. వాకిట్లో చెంగయ్య మామను కూర్చోబెట్టినాను. పిడికెడు కాయ తీసి చెవి దగ్గర ఊపుతాడు. గింజ లోపల గలగలమంటే లోపలికి, లేకుంటే వెనక్కి. తాయమ్మ గంప తెస్తే ఊపి, "కాయ నవ్వల్ల మేయ్. ఇది ఏడస్తా ఉండాది. నవ్వినాక ఎత్తుకురా పో" అన్నాడు. ఆమె ఊరుకుంటుందా! "నీ పండ్లూడిన నోరు నవ్వినట్ట నవ్వాల్నా?" అని గంప ఎత్తుకొని పోయింది. మూడెండలు ఎండబెట్టి తెచ్చింది.

ఆయనకు నీ గడ అంటే మంట. ముప్పై ఏండ్లుగా కుప్పలోకి చెయ్యి పెట్టి వేడి చెప్పే మనిషి. "నాలుగు బిరడాలు పీకి మీరు సెప్పేది, నేను సేయి పెట్టి సెప్తాను, సూడప్పా" అన్నాడు. ఆ రోజు అంకె నూటపద్నాలుగు. ఆయన "గోరువెచ్చన" అన్నాడు. ఇద్దరూ సరిపోయినారు.

అంకె పైకి పోతే వేడి, కిందికి వస్తే చలువ. ఇంతే కదా. ఇప్పుడు నాకు పాఠమైపోయింది. కానీ మొన్న ఎలుక తీగ మీది పట్టు కొరికేసింది. సూది పిచ్చిపట్టినట్టు ఆడుతోంది. ఇంకొకటి పంపించు, తొందరగా.

నీ తమ్ముడు
దామోదరం

*

మద్రాసు,
24 నవంబరు 1946

దామూ,

ఈ ఉత్తరం రాయాలా వద్దా అని నాలుగు రోజులు ఆలోచించాను. మునస్వామి ఊరి నుంచి వచ్చి మాటల మధ్యలో అన్నాడు: "పాపం పెద్దమ్మ పదిరోజులు మంచంలో ఉండిందంట గదమ్మా." నేను తల ఊపాను. తెలిసినదానిలా తల ఊపాను.

అమ్మ పోయినప్పుడు నువ్వు నాకు రాసిన కార్డులో ఒక్క రోజు జ్వరం, రెండో రోజు పోయింది అని ఉంది. పదిరోజులు! మద్రాసు నుంచి పుత్తూరుకు ఒక్క పూట ప్రయాణం. ఒక తంతి కొడితే వచ్చి ఆమె కాళ్ల దగ్గర కూర్చునేదాన్ని. నేను పెళ్లీ పిల్లలూ లేనిదాన్ని, ఉద్యోగం చూసుకునేదాన్ని, అందువల్ల ఇంటిదాన్ని కానని అనుకున్నావా? లేక నేను వస్తే వైద్యం సంగతి అడుగుతాననా? ఏది నిజమైనా నాకు చెప్పు. చెప్పకుండా ఉంటే నేను అంతకన్నా చెడ్డవే ఊహించుకుంటాను, నా స్వభావం నీకు తెలుసు.

ఇక పని సంగతి రెండో కాగితంలో రాస్తున్నాను.

[రెండో కాగితం]

రాగితీగ మళ్లీ చుట్టలేదు. అంతకన్నా మంచిది దొరికింది. యుద్ధం అయిపోయాక అమెరికా సైన్యం వదిలేసిన సామాను ఇక్కడ గంపల్లో అమ్ముతున్నారు. వాతావరణం చూడటానికి బెలూనుకు కట్టి పైకి పంపే పెట్టె ఒకటి కొన్నాను. అందులో ఉంది ఇది. నల్లపూసంత ఉంటుంది, రెండు వెంట్రుకల్లాంటి తీగలతో. థర్మిస్టర్ అంటారు. లోహాల భస్మాలు కలిపి కాల్చి చేస్తారు. గాజుగొట్టంలో పెట్టి లక్కతో మూశాను, ఎలుకకు పనికిరాదు. మునస్వామి వాళ్ల అన్న చేతికిచ్చి పంపుతున్నాను.

ముఖ్యమైన మాట. దీని నడక రాగితీగకు పూర్తిగా ఎదురు. వేడి పెరిగిన కొద్దీ అంకె తగ్గుతుంది. జ్వరాల లెక్కలో చెబుతాను: ఎనభై ఆరు డిగ్రీలకు పదహారు వందల యాభై. తొంభై ఐదుకు పదమూడు వందల డెబ్భై. నూటనాలుగుకు పదకొండు వందల నలభై. పన్నెండు వందల కిందికి దిగిందంటే కుప్ప విప్పేయాలి.

అక్క

*

వడమాలపేట,
6 డిసెంబరు 1946

అక్కకు,

ఉత్తరం అందింది. నేను ఏం చెప్పినా నీకు సాకులాగే ఉంటుంది కాబట్టి చెప్పను. ఇంటిదానివి కాదని నేను ఎన్నడూ అనలేదు. నువ్వే అనుకున్నావు, నువ్వే రాసినావు.

పూస చేరింది. పాత తీగ కట్టిన చోటే కట్టినాను. పనిచేస్తోంది. కుప్ప గురించి నీకు దిగులు వద్దు.

దామోదరం

*

మద్రాసు,
19 డిసెంబరు 1946

దామూకి,

నీ కార్డు ఎన్నిసార్లు చదివానో. ఎనిమిది వాక్యాలు. అమ్మ పోయినప్పుడు రాసినదీ ఇంతే ఉంది.

నేను తొందరపడి ఉండవచ్చు. తొందరపడలేదేమో కూడా. రోజూ ఉదయం నీది తప్పు అనుకుని లేస్తాను, సాయంత్రానికి నాదే అనిపిస్తుంది. క్లాసులో ఒక పిల్ల "మీ ఒంట్లో బాగాలేదా మేడమ్" అని అడిగితే సుద్దముక్క తీసుకుని బోర్డు వైపు తిరిగాను.

పూస గురించి మళ్లీ విడమరచి రాద్దామనుకుని ఆగాను. నీకు పాఠం చెబుతున్నానని ఇంకా కోపం తెచ్చుకుంటావు. వారానికోసారి అంకెలు మాత్రం రాసి పంపు, చాలు.

సుబ్బులమ్మకు నా ఆశీస్సులు.

అక్క

*

వడమాలపేట,
27 జనవరి 1947

అక్కకు నమస్కారం.

ఇన్నాళ్లు రాయనందుకు ఏమనుకోవద్దు. ఇక్కడ పెద్ద రభస అయింది. చెంగయ్య మామ నెలగా ఒకటే గోల, కుప్ప కాలుతోందని. నేను రోజూ యంత్రం చూస్తున్నాను కదా, వేడి రోజురోజుకూ తగ్గుతోంది. ఆ మాటే చెప్పినాను. మొన్న సంఘం కూడినప్పుడు అందరి ముందరా చొక్కా చేతులు పైకి లాక్కొని భుజం దాకా కుప్పలోకి దూర్చినాడు. తీసి, "సుర్రుమంటా ఉండాదబ్బా. ఈ పొద్దే యిప్పి ఆరబొయ్యండి. లేకుంటే మీ ఇత్తనం వడ్డించుకోని తినేదానికే" అన్నాడు.

కుప్ప విప్పాలంటే ముప్పై మంది కూలీ, నాలుగెండలు, ఆ నాలుగు రోజులు ఎవరి కాయ ఎవరు మూట కట్టుకుపోతారో. దేవరాజులు నావైపు చూసినాడు. ఊళ్లో పెద్దరైతు ఆయనే, ఆయన ఎటంటే అటు. నేను బిరడాలు తీసి అందరికీ చూపించినాను. "మామా, మా అక్క ఎం.ఏ. చదివి చేసిన యంత్రం ఇది. నీ చెయ్యి ఏం చదివింది?" అన్నాను. అందరూ నవ్వినారు. ఆయన నవ్వలేదు. చొక్కా చేతులు దించుకొని పోయినాడు. మళ్లా కొట్టం దగ్గరికి రాలేదు.

నవ్వించకుండా ఉండాల్సింది. కానీ ఒక్క కుప్పకు ఇద్దరు వైద్యులు ఉంటే ఎట్లా?

దామోదరం

*

మద్రాసు,
10 ఫిబ్రవరి 1947

చిరంజీవి దామూకి,

నీ చేతిరాత మళ్లీ పొడుగ్గా చూడగానే సగం బెంగ తీరింది. కుప్ప చల్లారిందని చదివితే మిగతా సగం తీరింది.

సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు గర్వంగా ఉంది. మొన్న పిల్లలకు ఈ పూస గురించి చెప్పాను. ఆకాశంలో చలిని కొలవడానికి పుట్టిన వస్తువు వడమాలపేటలో చెనక్కాయ కుప్పలో కూర్చుందంటే పడీ పడీ నవ్వారు. ఒక వ్యాసం రాయమని మా ప్రిన్సిపాల్ అంటున్నారు. అందుకు నీ పట్టిక కావాలి. తేదీ, అంకె, అంతే.

చెంగయ్యను మాత్రం పిలిపించు. నా చదువును అడ్డం పెట్టి ఆయన్ని నవ్వులపాలు చేయడం నాకు నచ్చలేదు. ఆయన చెయ్యి ఎందుకు పొరబడిందో కూడా తెలుసుకోవలసిందే. వయసుకు చర్మం పలచబడుతుందేమో.

అక్క

*

వడమాలపేట,
2 మార్చి 1947

అక్కకు,

పట్టిక పంపుతున్నాను, వ్యాసంలో నా పేరు కూడా వెయ్యి.

డిసెంబరు 1న పదహారు వందల నలభై. 15న పదిహేను వందల పది. జనవరి 1న పదమూడు వందల ఎనభై. 20న పన్నెండు వందల పది. ఫిబ్రవరి 10న పదకొండు వందల ముప్పై. నిన్న వెయ్యిన్ని ఇరవై.

చూస్తివా, ఎట్లా దించుకొచ్చినానో! ఇట్లే పోతే ఎండాకాలానికి సున్నా చేస్తాడు నీ తమ్ముడు.

చెంగయ్య మామకు కబురు పెట్టినాను. రానన్నాడు.

దామోదరం

*

మద్రాసు,
5 మార్చి 1947

దామూ,

నిన్న కొట్టిన తంతి అందే ఉంటుంది. "కుప్ప వెంటనే విప్పు" అన్న మూడు మాటలు చూసి అక్కకు మతి పోయిందనుకుని ఉంటావు.

అంకె తగ్గడం అంటే వేడి పెరగడం. వెయ్యిన్ని ఇరవై అంటే నూటపది డిగ్రీలు. జనవరిలో చెంగయ్య భుజం దాకా చెయ్యి పెట్టినప్పుడే నూటరెండు.

నీకు రాశాను కదా? రాశాననే నా జ్ఞాపకం. రెండో కాగితం మీద, అంకెలతో సహా. ఇప్పుడు ఎంత గుర్తు చేసుకున్నా, రాస్తున్న నా చెయ్యి కనబడుతుంది కానీ కాగితం కనబడదు. రాద్దామనుకుని రాయలేదా? అమ్మ సంగతి రాసి ఏడుస్తూ, ఒక్క కాగితమే మడిచి పంపానా? నువ్వు పూస కట్టానని రాసినప్పుడు ఎలా చూస్తున్నావని ఒక్క మాట అడిగి ఉంటే! అడగబోయి మానేశాను.

ఇప్పుడు చేయవలసింది: కుప్ప నాలుగు మూలల నుంచీ, నడుమ నుంచీ వంద గింజలు తీసి తడి గోనెలో చుట్టి ఐదు రోజులు ఉంచు. ఎన్ని మొలిచాయో రాయి.

అక్క

*

వడమాలపేట,
17 మార్చి 1947

అక్కా,

మూడు మొలిచినాయి. వందకు మూడు.

తంతి వచ్చిన మర్నాడే తెల్లవారుజామున నేనూ సుబ్బులే పోయి కుప్ప నడుమ తవ్వినాము. పై జానెడు చల్లగానే ఉంది. మోచేయి లోతుకు పోయేసరికి ముఖానికి ఆవిరి కొట్టింది. కాయ ఒలిస్తే గింజ మీద పొర నల్లబడి, మాసిన నూనె వాసన. సుబ్బులు ఒక గింజ కొరికి ఉమ్మేసింది. పదిరోజులుగా మేమిద్దరమే గంపలతో ఎత్తి పరుస్తున్నాము. ఊళ్లో అడిగితే పురుగు పట్టకుండా అని చెప్పినాము. ఇప్పుడు కుప్ప చల్లబడింది.

నువ్వు రాసినావు. కవరు వెతికి తీసినాను. రెండో కాగితం అందులోనే ఉంది, వేసిన మడత వేసినట్టే. మొదటి కాగితం చదివి కవరు గూట్లో పారేసినాను అక్కా. మళ్లా ముట్టుకోలేదు. అంకె నూర్లలోంచి వేలకు పోయినా, కొత్త వస్తువు లెక్క అంతేలే అనుకున్నాను.

అమ్మ సంగతి ఇప్పుడు చెప్తాను. రెండో రోజే తంతి కొట్టేదానికి బయలుదేరినాను. అమ్మ కేకేసింది. "పిలవద్దురా దాన్ని. దాని మొగం సూస్తే నాకింకా ఉండల్లనిపిస్తాది. ఈ నొప్పితో నేనుండలేను" అనింది. దినామూ అదే మాట. అది రాస్తే నిన్నే వద్దనిందని కుంగిపోతావని ఒక్క రోజు జ్వరం అని రాసినాను. నా తప్పు అదొక్కటే అక్కడ.

ఇప్పుడు ఒకటి అడుగుతాను. మూడూళ్ల విత్తనం. కుండల్లో పెట్టుకుంటామన్న వాళ్ల చేతుల్లోంచి నేను లాక్కొచ్చి పోసిన విత్తనం. నేను యంత్రం తిరగేసి చదివినానని తెలిస్తే నేను వీధిలో నడవలేను. కొట్టం వెనక బావి దగ్గరికి పోయినప్పుడల్లా సుబ్బులు చేతిలో పని వదిలేసి నా వెంట వస్తోంది. నువ్వు ఒక కాగితం రాసియ్యి. కోత వానలకే విత్తనం చచ్చిందని. నీ మాట అందరూ వింటారు.

దామోదరం

*

మద్రాసు,
22 మార్చి 1947

దామూకి,

అమ్మ మాట మళ్లీ మళ్లీ చదివాను. నీ మీద అన్ని నెలలు కోపం పెట్టుకున్నాను. ఆ కోపం లేకుంటే నువ్వు రెండో కాగితం విప్పేవాడివి.

నువ్వడిగినది రాశాను. ఒక్క షరతు: చచ్చిన విత్తనమని ఇప్పుడే చెప్పెయ్యాలి. వాళ్లకు ఇంకా మూడు నెలలు ఉన్నాయి. సుబ్బులమ్మను విడిచి ఎక్కడికీ వెళ్లకు.

ఈ కాగితంలో ప్రతి వాక్యాన్నీ విడిగా తీసి చూస్తే అబద్ధమని ఎవరూ అనలేరు. అంత జాగ్రత్తగా రాశాను. ఆ జాగ్రత్తే నన్ను నిద్రపోనివ్వడం లేదు.

అక్క

[జతపరిచిన కాగితం]

మూడూళ్ల రైతులకు నమస్కారం. సంఘం కొట్టంలోని విత్తనం పరీక్ష చేస్తే నూటికి మూడే మొలిచాయి. దీన్ని విత్తవద్దు. గింజ ప్రాణం కోతనాటి వానల్లోనే దెబ్బతిని ఉండాలి. తడి ఆరకుండా కొట్టంలో చేరిన కాయను తరువాత కాపాడటం ఎవరి వల్లా కాదు. కుప్పలో పెట్టిన యంత్రం మొదటి నుంచీ సరిగానే పనిచేసింది. ఇప్పటి నుంచే వేరే విత్తనం వెతుక్కోవలసిందిగా మనవి.
చంద్రకాంతమ్మ, ఎం.ఏ., భౌతికశాస్త్ర అధ్యాపకురాలు

*

వడమాలపేట,
20 జులై 1947

అక్కకు,

నాలుగు నెలలుగా నీ ఉత్తరాలకు బదులు రాయలేదు. రాసేదానికి ఏముంది.

వాన పడింది. ఒకప్పుడు రెండేళ్లు మొగం చాటేసిన వాన, ఈసారి పంచాంగం చూసుకొని వచ్చినట్టు అదునుకు పడింది. దుక్కులు చేసుకున్నారు. చాళ్లు ఖాళీగా ఉన్నాయి. సత్యవేడు దాకా తిరిగినాము, చిత్తూరులో అడిగినాము, ఉన్నది ఎప్పుడో పంచేసినారు. నూరెకరాలకు ఇరవై ఎకరాల విత్తనం దొరికింది. తాయమ్మ ఇంట్లో దాచుకున్న నాలుగు మానికలు అందరికీ గుప్పెడు గుప్పెడు పంచింది. అది విత్తుకుంటే ఏమవుతుంది? అయినా విత్తినారు.

నీ కాగితం మార్చిలోనే చదివి వినిపించినాను. ఎవరూ నన్ను ఒక మాట అనలేదు. దేవరాజులు లేచి, "తడి సూసేది ఎవురి పనప్పా? వాకిట్లో కూసోని సెవికాడ కాయ ఊపింది ఎవురు?" అన్నాడు. అందరూ చెంగయ్య మామ వైపు తిరిగినారు. "యంత్రం సరిగ్గానే ఉండిందంట. మరి జనవరిలో సుర్రుమంటాదని యాల అంటివి? ఇత్తనం సావగొట్టి, అది బయటపడతాదని ముందే యేసం కడితివా?" అన్నాడు ఇంకొకడు. మామ తన చెయ్యి వైపు చూసుకున్నాడు, ఇట్ల తిప్పి, అట్ల తిప్పి.

నేను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఆ తర్వాత ఆయన్ను ఎవరూ పనికి పిలవలేదు. ఆయన కాడెద్దును ఊరి నీళ్లు కూడా ముట్టనియ్యలేదు. పోయిన నెల పెండ్లాన్ని తీసుకొని పాకాలకు పోయినాడు. స్టేషనులో బొగ్గు దించుతున్నాడంట.

నువ్వు రాసిన కాగితం నన్ను కాపాడింది. బావి దగ్గరికి సుబ్బులు ఇప్పుడు నా వెంట రావడం లేదు. నా ముందర కూర్చోవడం కూడా లేదు.

దామోదరం

*

మద్రాసు,
24 ఆగస్టు 1947

దామూ,

నేను పాకాల వెళ్లి వచ్చాను. దారిలో పుత్తూరు వచ్చింది. దిగాలని పెట్టె కూడా కిందికి దించాను, బండి కదిలింది. కిటికీలోంచి మీ వైపు పొలాలు కనబడ్డాయి. వాన కడిగిన ఎర్రమట్టి, దున్నిన చాళ్లు, వాటి మీద ఏమీ లేదు. ఒకచోట ఎవరో ఆడమనిషి ఆ ఖాళీ చేలోనే కలుపు తీస్తోంది. అలవాటు కొద్దీ కావచ్చు.

పాకాల స్టేషనులో పదిహేనో తేదీ కట్టిన కాగితపు జెండాలు వానకు రంగు కారి వేలాడుతున్నాయి. చెంగయ్యను గుర్తుపట్టలేదు, ఆయనే నన్ను గుర్తుపట్టాడు. "సెంద్రకాంతమ్మ గదా? యాడికమ్మా ఇంత దూరం?" అని తువ్వాలుతో బెంచీ తుడిచాడు. బొగ్గు చెయ్యి నాకు తగలకుండా దూరంగా నిలబడ్డాడు.

నిలబడే చెప్పాను, అంతా. వేడి పెరిగితే ఈ పూస అంకె తగ్గుతుందని, మా తమ్ముడు తిరగేసి చదివాడని, జనవరిలో ఆయన చెయ్యి చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజమని, ఆ కాగితం తెలిసే రాశానని.

ఆయన చివరిదాకా విన్నాడు. తర్వాత నవ్వాడు.

"ఊరుకోమ్మా. మీరే రాసినారు గదా, మిసను మొదట్నుంచీ సరిగ్గానే పనిసేసిందని. సరిగ్గా సేసింటే, తప్పు నా సేయిదే గదా."

"మిషను సరిగ్గానే చేసింది చెంగయ్యా. చదివిన మనిషి తప్పు చదివాడు."

"దామోదరమప్ప సదువుకున్నోడు. అంకెలు తల్లకిందులుగా సదువుతాడా యాడన్నా? ముసిలోడు బాదపడతా ఉండాడని మీరు ఇంత దూరం వచ్చి అట్ల సెప్తా ఉండారు. మీ అమ్మగారూ ఇంతే, పెద్ద మనసు."

నేను బెంచీ మీద వేలితో అంకెలు రాసి చూపబోయాను. చదువు రానివాడికి అంకెలు రాసి చూపబోయాను, దామూ. ఆయన మర్యాదగా వంగి చూశాడు.

"నాకూ అనుమానమేనమ్మా కొన్నాళ్లుగా" అన్నాడు. "ముప్పై ఏండ్లు పెట్టిన సేయి, యాడనో సచ్చుబడిపోయింటాది. తడి కాయను నవ్వతా ఉండాదనుకోని లోపలికి పంపితినేమో. మూడూళ్లోళ్ల నోట్లో మన్ను గొడితి." అప్పుడు బొగ్గు షెడ్డు వెనక గుడిసెలోంచి ఆయన భార్య బిందెతో నీళ్లు తెచ్చింది, పని దిగిన ఆయన స్నానానికి కాచినవి. ఆయన అందులో వేలు పెట్టలేదు. "కాగినాయా?" అని ఆమెను అడిగాడు. ఆమె తన చెయ్యి ముంచి, "సాలు, పోసుకో" అంది. నేను చూస్తున్నానని గ్రహించి ఆమె తల దించుకుంది. "ఇప్పుడన్నిటికీ నన్నే అడగతాడమ్మా" అంది.

రమ్మన్నాను, ఊరికి తీసుకెళ్లి అందరి ముందూ చెబుతానన్నాను. రానన్నాడు. కోపంతో కాదు. తాను చేసిన నష్టానికి ఆ ఊళ్లో మొహం చూపలేనన్నాడు.

నిన్న దేవరాజులు పేర వేరే ఉత్తరం పంపాను, నిన్ను అడగలేదు. నీ పేరు, నా పేరు, రెండో కాగితం, అన్నీ అందులో ఉన్నాయి. నువ్విది చదివేసరికి వాళ్లు అది చదివి ఉంటారు. సుబ్బులమ్మను నీ దగ్గర కూర్చోమని నా మాటగా చెప్పు. నువ్వు రాసిన బావి సంగతి తలుచుకుని ఆ ఉత్తరం పోస్టు చేయడానికి ఎంత భయపడ్డానో నీకు తెలియదు. అయినా చేశాను. అది సరైనదో కాదో నాకు ఇప్పటికీ తెలియదు.

వాళ్లు నమ్ముతారు. నమ్మనిది ఒక్క చెంగయ్యే. నేను ఎదురుగా నిలబడి చెప్పిన మాట కన్నా నా సంతకమే ఆయనకు పెద్దదైంది. నీ నోటితో వింటే నమ్ముతాడేమో. లేక నిన్ను కూడా పెద్ద మనసు అంటాడేమో. అయినా నువ్వు వెళ్లాలి. ఆదివారాలు ఆయనకు పని ఉండదు, బొగ్గు షెడ్డు వెనక వరసలో చివరి గుడిసె.

అక్క